చప్పుడు చేసేదే కరెంటు తింటది

ఆక్సిజన్ మిషను మా ఇంటికి వచ్చిన రోజు బాపు అడిగిన మొదటి మాట, "గిది ఎంత తింటది?" అని. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ వేసవి అది. సూరత్ ఆసుపత్రుల్లో మంచం దొరకడం గగనమైపోయింది. డాక్టరు ఫోనులోనే బాపును చూసి, ఊపిరితిత్తులకు పాకింది గాని ఇంట్లోనే నెట్టుకురావచ్చు, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను ఒకటి సంపాదించుకోండి అన్నాడు. మా తెలుగు సంఘం వాళ్లను బతిమాలి ఒకటి తెచ్చుకున్నాం. దాన్ని చక్రాల మీద దొర్లించి మంచం పక్కన నిలబెట్టి, సన్నటి గొట్టం బాపు ముక్కుకు తగిలించి, నేనే స్విచ్ వేశాను. అది గుర్రుమని మొదలుపెట్టి, మధ్య మధ్య బుస్సుమంటూ గదంతా నిండిపోయింది. ఎనభై దాటిన మనిషి, రెండు మాటలకే ఆయాసపడుతున్న మనిషి, అంత అవస్థలోనూ అడిగింది తన సంగతి కాదు, కరెంటు సంగతి. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. మా ఆయన అప్పుడే జ్వరం నుంచి లేచి వెనక గదిలో నీరసంగా పడి ఉన్నాడు, కాబట్టి నవ్వినా ఏడ్చినా చూసేవాళ్లు లేరు.

ఆ ప్రశ్న నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. బాపు, అంటే మా నాన్న, సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి, ఖటోదరాలో ఒక సేఠ్ కార్ఖానాలో సాంచెలు నడిపాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. వరసగా సాంచెలు టకటకలాడే ఆ షెడ్డులో పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినపడదు. అలాంటి చోట కూడా ఏ మోటారు మామూలుగా తిరుగుతోందో, ఏది బరువు లాగలేక మూలుగుతోందో బాపు గుమ్మంలో నిలబడే చెప్పేసేవాడు. మూలిగే మోటారు కరెంటు ఎక్కువ తింటుంది, అది నిజమే. సేఠ్ కూడా బిల్లు పెరిగిందంటే ముందు బాపునే పిలిచి, "జరా కాన్ లగాకే దేఖో," కాస్త చెవి పెట్టి చూడు, అనేవాడు. ఆ మర్యాద మా బాపు తలకు బాగానే ఎక్కింది. కార్ఖానాలో పనికొచ్చిన ఆ విద్యను సాయంత్రం చొక్కాకు పట్టిన దూదితో పాటు ఇంటికి మోసుకొచ్చి, మా మీద ప్రయోగించాడు. ఇంట్లో ఏ వస్తువైనా సరే, ఎంత చప్పుడు చేస్తే అంత కరెంటు తింటుంది. చప్పుడు చేయనిది ఏమీ తినదు. ఆయన లెక్క అంతే, దానికి ఇక అప్పీలు లేదు.

మాది రేకుల కప్పు గది. ఒకే వరండా మీదికి తలుపులున్న ఆరేడు గదుల్లో ఒకటి. అన్నిట్లోనూ మావాళ్లే. పొద్దున్నే జొన్నరొట్టెలు చరిచే చప్పుడు ఆ చివర గదిలో మొదలై ఈ చివరకు వచ్చేది. మగవాళ్లు డ్యూటీ దిగి వస్తే గల్లీ నిండా మిషను నూనె వాసన, దాని వెనకే బీడీ వాసన, ఎవరింట్లోనో పచ్చిపులుసు పోపు వాసన. ఎండాకాలం మధ్యాహ్నం రేకులు కాగితే గోడను ముట్టుకున్నా చెయ్యి చురుక్కుమనేది. అందరికీ కలిపి మీటరు ఒక్కటే. మకాన్ మాలిక్, అంటే ఇంటి యజమాని, దాన్ని చూసి బిల్లు పంచేది యూనిట్లను బట్టి కాదు, పంకాలను బట్టి. పంకా ఉన్న గదికి ఒక రేటు, లేని గదికి ఒక రేటు. చదువుకున్న గుజరాతీ ఆయనే పంకాను నేరస్థుణ్ని చేశాక ఇక మా బాపు ఎందుకు ఊరుకుంటాడు? మా పంకాకు ఒక రెక్క కాస్త వంగి ఉండేది. తిరిగితే కిర్రుకిర్రుమనేది. అది ఒక చుట్టు తిరగ్గానే బాపు తల పైకెత్తేవాడు. "బంద్ జెయ్యే, తింటున్నది, ఇనొస్తలేదా?" అనేవాడు. అవ్వ విసనకర్ర తీసుకునేది. మాకు అమ్మంటే అవ్వే. "పంకా పైన, ఇసనకర్ర చేతుల. ఏం నసీబే నాది," అని గొణిగేది, ఆయనకు వినపడేలాగే.

చప్పుడు లేని సామాన్లకు మాత్రం మా ఇంట్లో పండగే. నీళ్లలో వేసే రాడ్డు ఒకటి ఉండేది. బకెట్టులో మునిగి నోరు మూసుకుని కూర్చుంటుంది కదా, బాపు దృష్టిలో అది ఉపవాసం ఉన్నట్టే. చలికాలంలో మాకు వేడినీళ్లు, పక్కింటి బాలింతకు వేడినీళ్లు, ఎవరికైనా కాళ్లు గుంజితే వేడినీళ్లు. పంకా తిరగనివ్వని మనిషే, "రాడ్ ఏస్కో బిడ్డా, ఉత్తదే గద," అనేవాడు. ఇక ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. ఇనుప దిమ్మలాంటి బరువైన పెట్టె, పట్టుకుంటే మణికట్టు నొప్పి పుట్టేది. సూరత్ వానలు మొదలైతే బట్టలు రోజుల తరబడి ఆరవు, ఆరకముందే వాసన పట్టేస్తాయి. గల్లీ ఆడవాళ్లంతా పిల్లల తడి యూనిఫారాలు తెచ్చి మా గదిలో కూర్చునేవాళ్లు. తడిబట్ట మీద ఇస్త్రీ పెట్టె పెడితే చుయ్యిమని ఆవిరి లేచేది. అవ్వ నేల మీద దుప్పటి పరిచి ఒక్కొక్కటే ఆరబెడుతూ, ఊళ్లో పెళ్లిళ్లు, కోడళ్ల సంగతులు, ఎవరి సేఠ్ ఎవరిని తిట్టాడు, అన్నీ ఆ ఆవిర్లోనే మాట్లాడేది. బాపు మూలన కూర్చుని చాయ్ తాగుతూ, తన ఇంటి ఉదారత చూసుకుని మురిసిపోయేవాడు. నెల తిరిగేసరికి అందరి వాటా పెరిగేది. "పంకా తిన్నది," అని తీర్పు చెప్పేవాడు.

మిక్సీ వచ్చాక ఇంకో తమాషా. మా మేనమామ ఎక్కడో సగం ధరకు పట్టుకొచ్చి అవ్వకు ఇచ్చాడు. దాని రంకె వినగానే బాపు మంచం మీంచి లేచి నిలబడ్డాడు. అవ్వ పోట్లాడలేదు. మర్నాటి నుంచి మిక్సీ కింద గోనెసంచి మడత వేసి, పైన పాత బొంత కప్పి, దాని మీద రెండు చేతులూ అదిమి పట్టుకుని కారం పట్టేది. చప్పుడు సగమైంది. బాపు చెవి రిక్కించి విని, "గిప్పుడు జర తక్వ తింటున్నది," అని మెచ్చుకున్నాడు. అవ్వ నా వైపు చూసి పెదవి కొరుక్కుంది. ఆమె ఆయన మాట నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆయనతో కాపురం ఎట్లా చేయాలో ఆమెకు బాగా తెలుసు.

నేను మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలో చదువుకున్నాను. పెద్ద తరగతికి వచ్చాక సైన్సు సారు ఒక పని పెట్టాడు. ఇంట్లో ప్రతి సామాను వెనకా రేకుముక్క మీద వాట్లు రాసి ఉంటాయి, అవి చూడండి, రోజుకు ఎన్ని గంటలు వాడతారో దాంతో గుణించండి, వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి, యూనిట్లను రేటుతో గుణిస్తే ఖర్చు వస్తుంది, అంతే అన్నాడు. నేను ఇంటికొచ్చి మసిపట్టిన రేకుముక్కలను తడిగుడ్డతో తుడిచి చదివాను. సుద్దముక్కతో నేల మీదే లెక్క వేశాను. పంకా డెబ్బై వాట్లు. ఇస్త్రీ పెట్టె వెయ్యి. రాడ్డు పదిహేను వందలు. పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా పంకా తిరిగినా అయ్యేది ఒక్క యూనిట్. రాడ్డు ఆ యూనిట్‌ను రెండు బకెట్ల నీళ్లు కాగేలోపే మింగేస్తుంది. వేడి పుట్టించేవే తిండిపోతులు, తిరిగేవి పాపం పిట్టల్లా తింటాయి. ఇస్త్రీ పెట్టె కాగాక కాసేపు తనంతట తాను ఆగుతుంది కాబట్టి రేకు మీద రాసినంతా తినదని కూడా సారు చెప్పాడు, అది తీసేసి చూసినా మా పంకా నిర్దోషి అని తేలిపోయింది. నాకు ఎంత సంతోషమైందో! ఆ వయసులో తండ్రి తప్పు పట్టుకోవడం కన్నా పెద్ద పండగ ఏముంటుంది?

బాపు ఆ సుద్ద అంకెలను నిలబడే చూశాడు. "రేకు మీద కంపెనోడు ఏదన్న రాస్తడు బిడ్డా. సామాను ఆనికి అమ్ముడువోవాలె గద," అన్నాడు. "అయితే మీటరు చూద్దాం రా," అన్నాను నేను. కార్ఖానా సెలవు రోజు అది. గల్లీ అంతా తిరిగి ఇంటింటికీ చెప్పి అందరి స్విచ్చులూ ఆపించాను. ఆడవాళ్లు వరండాలోకి వచ్చి నిలబడ్డారు, పెళ్లి చూడటానికి వచ్చినట్టు. పాతకాలం మీటరు, అద్దం వెనక ఒక బిళ్ల తిరుగుతుంది, దాని అంచు మీద ఎర్ర గీత ఉంటుంది. ముందు పంకా వేయించాను. అది కిర్రుకిర్రుమంటూ గల్లీ అంతా వినిపిస్తోంది, బిళ్ల మాత్రం ముసలవ్వ మెట్లెక్కినట్టు మెల్లగా కదులుతోంది. పంకా ఆపి రాడ్డు వేయించాను. ఎక్కడా చిన్న చప్పుడు లేదు. ఎర్ర గీత మాత్రం కంటికి ఆనకుండా గిర్రున తిరిగింది. అందరూ బాపు ముఖం చూశారు. ఆయన అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూసి, "గీ మీటర్ ఖరాబున్నది," అని బీడీ వెలిగించుకుని వెళ్లిపోయాడు.

ఓడిపోయానని మా బాపు జన్మలో ఒప్పుకోలేదు. కాకపోతే మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి పంకా తిరుగుతోంది, దాని కింద అవ్వ కొంగు పరుచుకుని పడుకుని ఉంది. "ఎవరేసిండ్రే?" అంటే, "మీ బాపే, పోతా పోతా ఏసిండు. మాట్లాడకు, మళ్ల బంద్ జేస్తడు," అంది. ఇక మిగిలింది ఇస్త్రీ పెట్టె. ఆడవాళ్లను తడిబట్టలతో రావద్దని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు, అవ్వ చెప్పనన్నది. అందుకని ఆయనే ఒక ఉపాయం పన్నాడు. గల్లీ పిల్లల తడి యూనిఫారాలన్నీ మూటగట్టి కార్ఖానాకు తీసుకుపోయి, మోటార్ల వెనక తాడు కట్టి ఆరేసేవాడు. ఆ మోటార్లు రోజంతా వేడి కక్కుతూనే ఉంటాయి, ఆ వేడి సేఠ్‌కు ఎలాగూ అక్కరలేదు. సాయంత్రానికి బట్టలు కరకరలాడుతూ తిరిగి వచ్చేవి. వానాకాలం పొడుగునా మా గల్లీ పిల్లలందరి దగ్గరా మిషను నూనె వాసనే. బడిలో గుజరాతీ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లు. నాకు మాత్రం ఈనాటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే, ఉతికిన బట్ట కట్టుకున్నంత హాయిగా ఉంటుంది.

ఇంత చరిత్ర ఉంది కాబట్టే, ఆక్సిజన్ మిషను పెట్టాక బాపు దాన్ని ఆపడం మొదలుపెట్టినప్పుడు నాకు కారణం వెతకాల్సిన పని లేదనిపించింది. స్విచ్ మంచం పక్క గోడకే ఉంది. నేను వంటింట్లోకి వెళ్లగానే చెయ్యి చాచి ఆపేసేవాడు. ఆయనకు తెలియనిది ఏమిటంటే, కరెంటు ఆగితే ఆ మిషను సన్నగా కూత పెడుతుంది. సాంచెల మధ్య బతికిన చెవులు కదా, సన్నటి చప్పుళ్లు ఆయనకు వినపడటం మానేసి చాలా ఏళ్లయింది. గుర్రుమనేదే వినపడుతుంది, కూత వినపడదు. కాబట్టి ఎవరికీ తెలియకుండా ఆపానని ఆయన అనుకునేవాడు. నేను గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చేదాన్ని. "నీకెట్ల ఎరుకైతది? గోడకు కండ్లున్నయా?" అని ఆశ్చర్యపోయేవాడు. వేలికి తగిలించిన మిషనులో ఆక్సిజన్ అంకె అప్పటికే దిగిపోయి ఉండేది. అలా ఆపితే ప్రాణానికే ముప్పని డాక్టరు గట్టిగా చెప్పాడు. మంచాన్ని గోడకు దూరంగా జరిపాను. ఆయన చేతికర్ర చాచి, దాని కొనతో స్విచ్ నొక్కాడు. పడుకున్న చోటు నుంచి, ఆ ఆయాసంలో, గురి తప్పకుండా!

ఆ రోజు నాకు కోపం తన్నుకొచ్చింది. మాస్కు లోపల నుంచే అరిచాను. "బాపూ, గిది తినేది మూడు వందల యాభై వాట్లు. మన బాత్రూంల గీజర్ రెండు వేలు తింటది, చప్పుడు చేస్తదా? చప్పుడును చూసి మోసపోకు. బిల్లు సంగతి నేను చూసుకుంట, నువ్వు సప్పుడు చెయ్యక పండుకో," అన్నాను. బాపు నా నోటి కదలిక మాస్కు వెనక కనపడక, చెవి దగ్గరికి రమ్మన్నాడు. మళ్లీ చెప్పాను. ఆయన కాస్త దమ్ము తీసుకుని, "గంటలేవి బిడ్డా?" అన్నాడు. "గంటలు చెప్పలే నువ్వు. గీజర్ పొద్దుగాల జరంతసేపు. గిది రాత్రి పగలు నడుస్తది. వాట్లను గంటలతోని గుణించాలె గద." నేల మీద సుద్దతో వేసిన లెక్క, మీటరు ఖరాబని తోసిపారేసిన లెక్క, ఆయన దగ్గర ఇన్నేళ్లూ భద్రంగా ఉంది. ఆయన లెక్కే కరెక్టు. రోజుకు ఎనిమిది యూనిట్ల పైనే అవుతుంది, గీజరు కన్నా ఎక్కువే. రేటు ఎంతని అడిగితే చెప్పాను. కళ్లు మూసుకుని లెక్క కట్టుకుని, "ఫరవాలేదు, కట్టుకోవచ్చు," అన్నాడు.

"మరి ఎందుకు బంద్ జేస్తున్నవ్ బాపూ?" అన్నాను. ఇప్పుడు నా గొంతులో కోపం లేదు, భయమే ఉంది. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. "దీని సప్పుడుల నా దమ్ము నాకు ఇనొస్తలేదు బిడ్డా. నేను తీస్కుంటున్ననా, అదే తీస్తున్నదా, ఎరుకైతలేదు. సాంచె నడుస్తుంటె బట్ట మంచిగొస్తున్నదా లేదా చూడరాదు. ఆపి, చెయ్యి పెట్టి చూడాలె. గందుకే ఆపుతున్న. ఇంక నడుస్తున్ననా లేనా అని చూస్కుంటున్న." నేను ఇన్ని రోజులూ ఆయన పిసినారితనాన్ని తిడుతున్నాననుకున్నాను. ఆయన తన ప్రాణాన్ని తడిమి చూసుకుంటున్నాడు, ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా.

బాపుకు దగ్గరగా పోవద్దనీ, దూరంగా ఉండమనీ డాక్టరు చెప్పాడు. అయినా నేను మంచం మీద కూర్చుని ఆయనను మెల్లగా పక్కకు తిప్పి, వీపు మీద చెవి ఆనించాను. "నువ్వు ఆపకు. నీ బదులు నేను ఇంట," అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఏమీ వినపడలేదు. ఆ మిషను అదురు మంచం లోంచి, ఆయన ఎముకల్లోంచి వచ్చి నా చెవి నిండా కొడుతోంది. కానీ మాస్కు మీంచే నా చెంపకు తెలుస్తోంది, ఆ సన్నటి వీపు లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. "ఎట్లున్నది?" అన్నాడు. "నడుస్తున్నది బాపూ," అన్నాను. "మూలుగుతున్నదా?" "లేదు. మంచిగ, అల్కగ నడుస్తున్నది." "అయితె ఉండనియ్యి దాన్ని," అన్నాడు. ఆ తర్వాత ఆయన చేతికర్ర స్విచ్ వైపు పోలేదు. భయం వేసినప్పుడల్లా దాంతో నేల మీద కొట్టేవాడు. నేను పని వదిలేసి వచ్చి వీపు మీద చెంప పెట్టేదాన్ని. ఏమీ వినకుండానే విన్నట్టు చెప్పేదాన్ని.

ఇప్పుడు మా ఇంట్లో ఏసీ ఉంది, ఇండక్షన్ పొయ్యి ఉంది, గోడంత ఫ్రిజ్ ఉంది. దేనికీ చప్పుడు లేదు. కొనేటప్పుడే మీద నక్షత్రాలు అంటించి, ఏడాదికి ఎంత తింటుందో రాసి ఇస్తున్నారు. మీటరు లోపల బిళ్ల పోయింది, చిన్న ఎర్ర దీపం మిణుకుమంటుంది, అదీ కింద మెట్ల దగ్గర, ఎవరూ చూడరు. సుఖంగానే ఉంది, కాదనను. విసనకర్రల కాలం మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. వంగిన రెక్క పంకా కింద చెమటలు కక్కినవాళ్లెవరూ అలా కోరుకోరు. కానీ అప్పుడు కళ్లు మూసుకుని పడుకున్నా ఇంట్లో ఏం జరుగుతోందో తెలిసేది. అవ్వ కారం పడుతోందా, పక్కింట్లో కండెలు చుడుతున్నారా, బాపు డ్యూటీకి పోయాడా లేదా, అన్నీ చెవికే అందేవి. ఇప్పుడు పక్క గదిలో ఎవరైనా ఉన్నారో లేరో పేరు పెట్టి పిలిస్తే గాని తెలియదు. బాపు పోయి కొంతకాలమైంది. ఆ కరోనాతో కాదు, తర్వాత, నిద్రలో, ఏ మిషనూ లేకుండా పోయాడు.

ఆ కరోనా గండం గడిచి ఆయన లేచి కూర్చున్నాక మిషనును సంఘానికి తిరిగి ఇచ్చేశాం. ఇంకో ఇంటి వాళ్లు గుమ్మంలోనే కాచుకుని ఉన్నారు. రెండు నెలల బిల్లు వచ్చింది. నేను దాచాలని చూశాను గాని ఆయన కనిపెట్టేశాడు. కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "ఇందుల నాదెంత?" అన్నాడు. "నీదేముంది బాపూ, మిషన్ తిన్నది," అన్నాను. "మిషన్ తింటె నేనెట్ల బతుకుత? నేనే తిన్న. చెప్పు." తప్పించుకోలేక వాట్లను గంటలతో గుణించి, యూనిట్లు చేసి, రేటు కట్టి చెప్పాను. బాపు ఆ అంకెను మనసులో మరోసారి వేసి చూసుకున్నాడు. తర్వాత నా ముఖంలోకి చూస్తూ, పళ్లు లేని నోటితో నవ్వాడు. "గింతేనా? గింతల్నే పానం నిలిచిందా? సస్తల పడ్డది గదనే!"

కరెంటు చవక అని మా బాపు అనగా నేను విన్నది ఆ ఒక్కసారే.